వేములదిన్నె విదేశాంగ విధానం

సదాశివరావు గారి మీద నేను రాసిచ్చిన ఫిర్యాదును మండలాఫీసులో తీసుకోలేదు. సాక్ష్యంగా నేను జతపరిచిన కాగితాల మీది చేతిరాత, ఫిర్యాదు మీది చేతిరాత ఒకటేనని అక్కడి గుమాస్తా కనిపెట్టాడు. "నీ మీద నువ్వే కేసు పెట్టుకుంటావా ఏంది పెద్దాయనా?" అని అడిగాడు. కాగితాలు సర్దుకుని వచ్చేశాను. అయినా నాకు జరిగిన అన్యాయానికి మూలపురుషుడు సదాశివరావేనని నలుగురికీ తెలియాలి కాబట్టి మొదటినుంచీ చెబుతాను. మధ్యమధ్యలో నా పేరు తరచుగా తగులుతుంది. పట్టించుకోవద్దు.

మాది వేములదిన్నె. మాకు రెండు మైళ్ల దిగువన కొండెపాలెం. మా పొలాల్లో ఎక్కువైన నీళ్లు మురుగుకాలవలో పడి కొండెపాలెం వైపు పోతాయి. పంటకాలవ నీళ్లు అంతదూరం అందవు కాబట్టి వాళ్లు ఆ మురుగునీళ్లనే ఇంజన్లతో తోడుకుని వరి పండించుకుంటారు. కొండెపాలేనికి పోయే రోడ్డూ, మురుగుకాలవా మా ఊరి చివర దగ్గరికొస్తాయి. ఆ రెంటి మధ్యా నా పొలం. మా నాన్న ఇచ్చినది అదొక్కటే. నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేసింది కూడా దాంట్లో కలుపు తీయడానికే. బడిలో నేర్చుకున్న వాటిలో నాకు మిగిలింది గుండ్రటి చేతిరాత. ఊళ్లో పెళ్లి కార్డుల మీద పేర్లన్నీ నేనే రాస్తాను. నన్ను ముంచింది ఆ చేతిరాతే.

సదాశివరావు గారు ఢిల్లీలో ఒక కేంద్ర కార్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, రిటైరై, మా ఊరొచ్చి స్థిరపడ్డారు. విదేశీ ప్రతినిధులను దగ్గరినుంచి చూశానని చెప్పేవారు. అది నిజమే. వాళ్లు కూర్చునే కుర్చీలు, వాళ్లు తాగే మంచినీళ్లు సర్దే విభాగంలో ఉండేవారని తర్వాత తెలిసింది. మా సమావేశాల్లో కుర్చీలు మాత్రం ఏనాడూ తక్కువ కాలేదు.

గొడవ బస్సు దగ్గర మొదలైంది. టౌను నుంచి రోజుకు మూడు ట్రిప్పులు వచ్చే బస్సు మా ఊరి మీదుగా కొండెపాలెం పోతుంది. బోర్డు మీద 'కొండెపాలెం' అని ఒక్క మాటే ఉంటుంది. 'వేములదిన్నె మీదుగా' అని ఉండదు. సదాశివరావు గారు వచ్చేదాకా ఆ సంగతి మాకెవరికీ కనపడలేదు. ఆయన చూపించాక ఎవరికీ నిద్ర పట్టలేదు. డిపోలో అడిగితే, బస్సు ఆఖరి స్టాపు కొండెపాలెం కాబట్టి ఆ ఊరినుంచి అభ్యంతరం లేదని ఒక ఉత్తరం పట్టుకురండి, పేరు కలిపి రాయిస్తాం అన్నారు.

మా ఊళ్లో నీటి వినియోగదారుల సంఘం ఉంది. ప్రెసిడెంటు రామలింగయ్య. నీళ్లు ఊరి పొలిమేర దాటి పోతాయి కాబట్టి, పొలిమేర దాటే ప్రతి వ్యవహారమూ ఆ సంఘం పరిధిలోకే వస్తుందని సదాశివరావు గారు తేల్చారు. అలా సంఘం కింద విదేశాంగ ఉపసంఘం ఏర్పడింది. ఆయన సలహాదారు. చేతిరాత బాగుంటుందని నన్ను కార్యదర్శిని చేశారు.

మొదటి సమావేశానికి లస్కరు మస్తాన్ కూడా వచ్చాడు. కాలవ తూములు ఎత్తడం, దించడం అతని పని. వెనక నిలబడి అంతా విని, "ఉత్తరమేగా సార్ కావాల్సింది. అంకమరావన్న వాళ్ల బావే గదా ఆ ఊరి సంఘానికి పెద్ద. ఒకసారి పోయి అడిగితే పోలా?" అన్నాడు.

నా పేరు అంకమరావు. మా అక్క తులశమ్మను కొండెపాలెం ఇచ్చాం. బావ శేషగిరి అక్కడి నీటి సంఘానికి ప్రెసిడెంటు. మస్తాన్ చెప్పింది నిజమే.

సదాశివరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అడిగితే ఇస్తారు. అదే ప్రమాదం. అడిగి తీసుకుంటే అది వారి ఔదార్యం అవుతుంది. ఒత్తిడి తెచ్చి ఇప్పించుకుంటే మన ప్రతిష్ఠ అవుతుంది. దీన్ని క్రమానుగత నిర్బంధ విధానం అంటారు. దశలవారీగా బిగించాలి."

నాకు ఆ మాటలో సగమే అర్థమైంది. అర్థంకాని సగమే ఎక్కువ నచ్చింది. ఇంటికెళ్లి మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను. ఆమె, "క్రమానుగతంగా ఆ గేదెకు కుడితి పెట్టు ముందు" అంది.

మొదటి హెచ్చరిక నేనే రాశాను. 'పదిహేను దినములలోగా తమ అంగీకారము తెలియపరచనిచో తదుపరి పరిణామములకు తామే బాధ్యులగుదురు.' అంత అందమైన ఉత్తరం నా చేతిమీదుగా ఎప్పుడూ పోలేదు. పదిహేను రోజులు గడిచినా జవాబు రాలేదు. "వారిలో లోతైన అంతర్మథనం జరుగుతోంది" అన్నారు సదాశివరావు గారు. అలాగే నమోదు చేశాను.

రెండో దశ గుర్రపుడెక్క. ఏటా నాట్లకు ముందు కొండెపాలెం వాళ్లు ఇంటికొక మనిషి చొప్పున కొక్కెం కట్టిన గెడలు పట్టుకుని వచ్చి, వాళ్ల ఊరినుంచి మా ఊరి వంతెన దాకా మురుగుకాలవలో అల్లుకున్న గుర్రపుడెక్కంతా లాగి, గట్టున పోసి, ఎరువుకని ట్రాక్టర్లలో ఎత్తుకుపోయేవాళ్లు. మూడు రోజుల పని. నడుంలోతు నీళ్లలో దిగి లాగుతుంటే మేం గొడుగులేసుకుని గట్టున నిలబడి, మన డెక్క అంతా పట్టుకుపోతున్నారని బాధపడేవాళ్లం. మా తాతల కాలం నుంచీ అట్లా బాధపడుతూనే ఉన్నాం. మురుగుకాలవ శుభ్రంగా ఉండటం దాని సహజ గుణం అనుకున్నాం.

"ఇది మన సహజ వనరు. ఉచితంగా తరలిపోతోంది" అన్నారు సదాశివరావు గారు. ట్రాక్టరుకు రెండు బస్తాల వడ్లు సుంకం వేశాం. సుంకం కట్టనిదే డెక్క ముట్టరాదని వంతెనకు కాగితం అంటించాను.

నాలుగు రోజుల తర్వాత బావ ఫోన్ చేశాడు.

"ఏం బామ్మర్దీ, డెక్క ముట్టుకోవద్దన్నారంట?"

"సుంకం కడితే ముట్టుకోవచ్చు బావా. తీర్మానం అయింది."

"ముట్టుకోం లేరా. ఈ ఏడు వానలు బాగున్నయ్యి, నీళ్లకు మాకంత తొందర లేదు. మూడు రోజులు జలగలు పీక్కునే పని తప్పింది. మీ ప్రెసిడెంటుకి నా దండం చెప్పు."

మినిట్స్ పుస్తకంలో 'ప్రత్యర్థి పక్షము నమస్కరించినది' అని రాశాను. రామలింగయ్య చాలా సంతోషించాడు. బెల్లం పంచాడు.

అయితే ఉత్తరం రాలేదు. అందుకని మూడో దశ. వంతెన దగ్గర వెదురు గెడ అడ్డం కట్టి తనిఖీ కేంద్రం పెట్టాం. కొండెపాలెం నుంచి వచ్చే సరుకు రాకూడదు, మన సరుకు పోకూడదు. ఒక్క రామలింగయ్య పాలకు మినహాయింపు. ఆయన ఇరవై గేదెల పాలూ కొండెపాలెం పాలకేంద్రానికే పోతాయి. గేదెలకు రాజకీయాలు తెలియవు కాబట్టి మానవతా దృష్టితో ఆ మినహాయింపు ఇస్తున్నట్టు రాయమన్నారు. రాశాను.

పిండిమర కొండెపాలెంలో ఉంది. ఆ సంగతి గెడ కట్టిన మర్నాడు మా ఆడవాళ్లు గుర్తుచేశారు. కారం పట్టించుకోవాలన్నా, పిండి ఆడించుకోవాలన్నా పొలాలకు అడ్డంపడి మూడు మైళ్లు చుట్టు తిరిగి, గిన్నె కొంగులో దాచుకుని పోవలసి వచ్చింది. మా ఆవిడ కాలికి తుమ్మముల్లు దిగింది. ఈ మాట నేను సమావేశంలో భయపడుతూ చెప్పాను.

"ఆంక్షల్లో బాధ ఎవరికి కలిగిందన్నది గౌణం, అంకమరావ్," అన్నారు సదాశివరావు గారు. "బాధ కలుగుతోందా లేదా, అదే ముఖ్యం. కలుగుతోంది. అంటే విధానం పనిచేస్తోంది."

ఆ వారమే అక్క గోంగూర పచ్చడి జాడీ పంపించింది. తనిఖీ కేంద్రంలో పట్టుకున్నారు. లోపల ఏముందో పరిశీలించడానికి వేడన్నం తెప్పించారు. నలుగురు సభ్యులు పరిశీలించారు. ఖాళీ జాడీ నాకు అప్పగించి, ముట్టినట్టు సంతకం పెట్టించుకున్నారు. పంచనామా కూడా నా చేతిరాతే. 'ఉప్పు కొంచెము ఎక్కువ' అని రామలింగయ్య పట్టుబట్టి రాయించాడు. అక్క చేతి పచ్చట్లో ఉప్పు ఎక్కువ కాదు. అయినా రాశాను.

ఇంతా చేస్తే ఉత్తరం రాలేదు. రాకపోయేకొద్దీ మాకు నమ్మకం పెరిగింది. ఇంత ఒత్తిడికీ లొంగలేదంటే ఒత్తిడి చాలలేదని కదా అర్థం.

నాలుగో దశ అడ్డకట్ట. మురుగుకాలవకు అడ్డంగా ఇసక బస్తాలు వేసి, మట్టి పోసి, కొండెపాలేనికి చుక్క నీరు పోకుండా ఆపేయాలి. చోటు కూడా సదాశివరావు గారే చూశారు. పొలిమేర దగ్గర. అంటే నా పొలం దిగువ గట్టు దగ్గర.

మస్తాన్ మళ్లీ నోరు తెరిచాడు. "ఆపితే నీళ్లు యాడికి పోతయ్యి సార్?"

"ఎక్కడికీ పోవు. ఆగుతాయి."

"ఆగి?"

"ఒత్తిడి పెరుగుతుంది."

"పెరిగేది మనవైపే గదా సార్. పైగా ఈ ఏడు డెక్క తీయలా. కాలవ సగం పూడిపోయుంది."

సదాశివరావు గారు నా వైపు తిరిగి, "అంతర్గత అసమ్మతి వ్యక్తమైంది, ఖండించడమైనది అని రాసుకో" అన్నారు. రాసుకున్నాను. ఆ ఖండన వాక్యానికి కింద గీత కూడా గీశాను. గీత గీయమని ఎవరూ చెప్పలేదు.

తీర్మానంలో ఒక షరతు మాత్రం పూర్తిగా నా సొంతం. 'ప్రత్యర్థి పక్షము లిఖితపూర్వకముగా లొంగనిదే, ఎట్టి పరిస్థితులలోనూ, ఎవరు కోరిననూ, అడ్డకట్ట తొలగించరాదు.' 'ఎవరు కోరిననూ' అన్నది చదివినప్పుడు అందరూ తలలు ఊపారు. నా జీవితంలో ఒక మాటకు అంతమంది తలలు ఊపడం అదే మొదలు.

కట్ట వేయడానికి మట్టి చాలలేదు. దగ్గర్లో ఉంది కదా అని నా పొలం గట్టు తవ్వి నేనే ఇచ్చాను. రామలింగయ్య నన్ను 'సరిహద్దు రైతు' అని మైకులో పిలిచి శాలువా కప్పాడు. ఆ కట్ట నేను దగ్గరుండి తొక్కించాను. దాని నాణ్యత గురించి ఇవాళ్టికీ ఎవరూ వేలెత్తి చూపలేరు.

అప్పటికి నా వరి పొట్ట మీద ఉంది, కంకి బయటపడబోతోంది. ఎకరానికి ముప్పై బస్తాలకు తక్కువ రాదని దారిన పోయేవాళ్లు అనేవాళ్లు. కట్ట వేసిన వారానికి మడిలో నీళ్లు పాదాల మీదికి వచ్చాయి. సదాశివరావు గారు ఒక సరివి కర్ర తెప్పించి, మూరకొక ఎర్రగీత గీయించి, నా పొలం మధ్యలో పాతించారు. దాని పేరు ఒత్తిడి సూచిక. రోజూ పొద్దున ఉపసంఘం గట్టున నిలబడి చూసేది. నీళ్లు ఒక గీత ఎక్కితే చప్పట్లు కొట్టేవాళ్లు. నేనూ కొట్టేవాణ్ని. రెండో గీత దాకా కొట్టాను. రెండో గీత దగ్గర నా వరి కంకులు మునిగాయి.

అప్పుడు వాయుగుండం పట్టింది. రెండు రోజులు తెరిపి లేకుండా కురిసింది. మూడోరోజు పొద్దున్నే పార భుజాన వేసుకుని కట్ట మీదికి పోయాను. అప్పటికే ఉపసంఘం గొడుగులతో అక్కడుంది.

"కట్ట తెగ్గొడతా," అన్నాను. "నా చేను పోతోంది సార్."

సదాశివరావు గారు సంచిలోంచి మినిట్స్ పుస్తకం తీసి, తడవకుండా గొడుగు కింద పట్టుకుని, ఆ వాక్యం నాచేత చదివించారు. ఎట్టి పరిస్థితులలోనూ. ఎవరు కోరిననూ. కింద నా సంతకం.

"ఇప్పుడు తొలగిస్తే మన విశ్వసనీయత ఏమవుతుంది, అంకమరావ్? అవతలి పక్షం లొంగిపోయే తరుణంలో ఉంది. కార్యదర్శే స్వయంగా తెగ్గొట్టాడంటే ఇకమీదట మన హెచ్చరికను ఎవరు ఖాతరు చేస్తారు?"

ఇంకెవరైనా అయితే ఆ పారతో ఏం చేసేవాళ్లో నాకు తెలియదు. నేను మాత్రం దించాను. కార్యదర్శి అన్నారు కదా.

"వాళ్ల సంతకం ఉంటే తీస్తారా?" అని అడిగాను.

"తక్షణం."

కాలవ గట్టు పట్టుకుని, బురదలో జారుకుంటూ కొండెపాలెం పోయాను. అక్క వాకిట్లోనే నా వాలకం చూసి తువ్వాలు తెచ్చింది. బావ వసారాలో కూర్చుని తాడు పేనుతున్నాడు.

"ఏందిరా బామ్మర్దీ, వానలో పడి వచ్చావు? గెడ దాటనిచ్చారా మీవోళ్లు?"

"బావా, నువ్వు లొంగిపోవాల."

"దేనికి?"

"ఉత్తరాలు రాశాం గదా. దశకొకటి, నాలుగు."

బావ లేచి దూలంలో దోపిన కవర్లు తీశాడు. నాలుగూ ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. "కవరు మీద నీ చేతిరాత చూసి పెళ్లి కార్డులనుకున్నాం. ముహూర్తం దగ్గరపడ్డాక చూద్దాంలే అని మీ అక్క దాచింది."

"ఎవరి పెళ్లో తెలవకుండా ఎట్టా ఊరుకున్నావే అక్కా?" అన్నాను.

"మన ఊరి పెళ్లిళ్లన్నిటికీ నువ్వేగదరా రాసేది," అంది అక్క. "ఎవురని చూడను?"

బస్సు బోర్డు సంగతంతా చెప్పాను. బావ కవర్లు నా ముందు పెట్టాడు. "మేం బస్సెక్కి ఎన్నేళ్లయిందిరా. అందరం ఆటోల్లోనే గదా పోయేది. ఆ బోర్డు మీద నీ పేరు రాసుకున్నా మాకేంది? దీనికి మూడు నెలలా? ఫోన్లో అడిగితే పోయేదిగా."

"అడగకూడదు బావా. అది బలహీనత."

"ఇప్పుడు చేసేదేంది మరి?"

కాగితం ముందుపెట్టాను. అభ్యంతరం లేదని రాసి, సంతకం పెట్టి, సంఘం ముద్ర కూడా కొట్టాడు. దాన్ని బనీను లోపల పెట్టుకుని రెండు మైళ్లు పరిగెత్తాను. కట్ట దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఒత్తిడి సూచిక మీద ఒక్క గీతే పైన కనపడుతోంది.

సదాశివరావు గారు ఉత్తరం రెండుసార్లు చదివారు. "ఇందులో విచారం లేదు."

"ఏంది సార్?"

"అభ్యంతరం లేదన్నారు. అంటే దయతలచి ఒప్పుకున్నట్టు ఉంది. ఇంతకాలం స్పందించనందుకు విచారం వ్యక్తం చేయాలి కదా. లేకపోతే ఇన్ని దశల ఒత్తిడికి ఫలితమేమిటి? ఒక్క వాక్యం చేర్పించుకురా."

రామలింగయ్య కూడా, "ఒక్క వాక్యమేగా అంకమరావూ. ఇంత చేసినోళ్లం" అన్నాడు.

మళ్లీ పోయాను. పోయినవాణ్ని నేనే. ఎవరూ మోసుకుపోలేదు. బావకు ఆ మాట చెప్పాను. "విచారమా? ఎంత కావాల?" అని, 'మిక్కిలి విచారించుచున్నాము' అని రాసిచ్చాడు. అక్క అన్నం తిని పొమ్మంది. తినలేదు. చిన్న జాడీ ఒకటి చేతిలో పెట్టింది.

తిరిగి వస్తుంటే సగం దారిలో మస్తాన్ ఎదురొచ్చాడు. నిలువునా తడిసిపోయి ఉన్నాడు.

"తొందరేం లేదులే అన్నా," అన్నాడు. "మెల్లగా నడువు. జారుద్ది."

కట్ట తెగలేదు. తెగనంత గట్టిగా తొక్కించాను కదా. డెక్కతో పూడిపోయిన పాత కాలవను వదిలేసి, నేను మట్టి తవ్విచ్చిన గట్టు దగ్గర దారి చూసుకుని, నీళ్లన్నీ నా పొలంలోంచి పోయాయి. పొలాన్ని నిలువు లోతున కోసి, పక్కనున్న రోడ్డును కోసి, అడ్డదారిన కొండెపాలెం చేరాయి. అంతకుముందు చుట్టూ తిరిగి పోయే నీళ్లు ఇప్పుడు తిన్నగా పోతున్నాయి. వాళ్లకు ఇంజన్లతో తోడుకునే పని కూడా చాలావరకు తప్పిందని తర్వాత బావ ఫోన్లో చెప్పాడు. చెప్పి, "తిన్నావా?" అని అడిగాడు.

ఆ సాయంత్రం ఉత్తరం ఇచ్చాను. సదాశివరావు గారు 'మిక్కిలి' అన్న మాట దగ్గర వేలుపెట్టి, తలాడించి, ఫైలులో పెట్టారు.

రెండు నెలలకు సర్వేయరు వచ్చి గొలుసు లాగాడు. నీళ్లు పారే చోటంతా, అంటే నా పొలం మొత్తం, మురుగుకాలవ పోరంబోకు కింద రాసుకున్నాడు. పాత కాలవ పూడిపోయింది కదా, అదైనా నాకు రాయమని అడిగాను. రికార్డుల్లో అది ఇంకా కాలవేనన్నాడు.

రోడ్డు తెగింది కాబట్టి బస్సు మా ఊళ్లోనే ఆగి వెనక్కి తిరుగుతోంది. కొండెపాలేనికి అవతలి రోడ్డు మీదుగా వేరే బస్సు వేశారు. అక్కను చూడాలంటే నేను టౌనుకు పోయి, అక్కడ ఆ బస్సు ఎక్కాలి. మా బస్సుకు కొత్త బోర్డు వచ్చింది. దాని మీద 'మీదుగా' లేదు, కొండెపాలెం లేదు. 'వేములదిన్నె' అని ఒక్క మాటే ఉంది. మేం కోరినదానికంటే ఎక్కువ దక్కింది.

బస్సుకు బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి సభ పెట్టాం. కుర్చీలు సరిపోయాయి. లక్ష్యం నూటికి నూరుపాళ్లు నెరవేరిందని, నిర్బంధ విధానం ఫలించదనే వారికి వేములదిన్నె ఒక సమాధానమని సదాశివరావు గారు మాట్లాడారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మినిట్స్ రాసుకుంటున్నాను కాబట్టి చేయి ఖాళీ లేదు.

ఆ పుస్తకంలో ప్రతి తీర్మానం కింద రెండు గళ్లు ఉంటాయి. ఒకటి సాధించినది, రెండోది నష్టం. మొదటి గడి ఆయన చెప్పగా రాశాను. రెండోదానిలో గీత కొట్టేయమన్నారు. ఉపసంఘంలో చేరాక ఆయన చెప్పింది నేను రాయకపోవడం అదొక్కసారే. పెళ్లి కార్డుల మీద రాసే గుండ్రటి అక్షరాలతో, తీరిగ్గా రాశాను: సర్వే నంబరు 214/2, ఎకరం పదిహేడు సెంట్లు.